ఆ 2100 వేరు, ఈ 2100 వేరు

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరం అందింది. డల్లాస్‌లో మూడు నెలలు అని చదివి సంతోషించాను గానీ, "ల్యాప్‌టాప్‌లోనే సిమ్ స్లాట్ ఉంది, నెట్‌కి ఢోకా లేదు" అన్న చోట నవ్వొచ్చింది. పోయినేడాది సరిగ్గా ఇదే ధీమాతో విమానం ఎక్కాను నేను.

డల్లాస్ ఊళ్ళో ఉన్నంతసేపు ఏదో నడిచింది. మూడో రోజు రెండు గంటలు కారులో వెళ్ళి క్లయింట్ ఫ్యాక్టరీలో దిగాం. చుట్టూ పశువులు మేసే బీళ్ళు తప్ప ఏమీ లేవు. సరిగ్గా మీటింగ్ వేళకి ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ పోయింది. సిమ్ పాడైందేమోనని పేపర్ క్లిప్పుతో ట్రే లాగి ఫోన్‌లో వేశాను. నిండుగా నాలుగు గీతలు! తిరిగి ల్యాప్‌టాప్‌లో పెడితే సున్నా. ఇలా మూడుసార్లు మార్చేసరికి అక్కడి గార్డు నా వంక జాలిగా చూశాడు.

తప్పు సిమ్‌ది కాదు, ల్యాప్‌టాప్ లోపల టవర్‌తో మాట్లాడే మోడెమ్ కార్డుది. అది ఆసియా మోడల్. మన 4జీ ఎక్కువగా 3, 5, 8, 40, 41 బ్యాండ్ల మీద, అంటే నంబర్లు వేసిన ఫ్రీక్వెన్సీ దారుల మీద నడుస్తుంది. అమెరికాలో బరువంతా మోసేవి 2, 12, 13, 66, 71. నా కార్డు డల్లాస్‌లో 5ని పట్టుకుని వేలాడిందన్నమాట. ఊరు దాటాక 700 మెగాహెర్ట్జ్‌లో ఉండే 12వ బ్యాండే దిక్కు, దానికేమో మనది చెవిటిది. పోనీ 3జీకైనా దిగుతుందా అంటే, అక్కడి మూడు పెద్ద కంపెనీలూ దాన్ని 2022లోనే మూసేశాయి.

అసలు మోసమంతా మెగాహెర్ట్జ్ అంకెలో ఉందిరా. డబ్బా మీద 2100 కనిపిస్తే అమ్మయ్య అనుకుంటాం. మన 2100 అంటే బ్యాండ్ 1. టవర్ నుంచి వచ్చేది 2100 పైన, మనం పంపేది 1900 పైన. అమెరికా బ్యాండ్ 4లోనూ వచ్చేది 2100 పైనే, పంపేది మాత్రం 1700లో. అంటే వాళ్ళ మాట మన చెవిన పడే చోటే ఉన్నా, మన గొంతు వాళ్ళకి చేరదు. అందుకే బ్యాండ్ నంబరే చూడు.

విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కార్డు మోడల్ ఉంటుంది, ఒక్క అంకె కూడా వదలకుండా రాసుకో. సియెర్రా వైర్‌లెస్ వాళ్ళ ఈఎమ్7455, ఈఎమ్7430 కార్డులు పైకి కవలల్లా ఉంటాయి. మొదటిదానిలో 2, 4, 12 బ్యాండ్లు ఉన్నాయి, రెండోదానిలో లేవు.

కార్డు మార్చేద్దామనుకోకు. ఆఫీసు ల్యాప్‌టాప్ విప్పితే ఐటీ వాళ్ళు నీ తాట తీస్తారు. పైగా కొన్ని ల్యాప్‌టాప్‌లు తమకు నచ్చని కార్డు పెడితే బూటే అవ్వవు. ఫోన్ హాట్‌స్పాట్ నయం. కాకపోతే కొన్ని ప్లాన్లలో హాట్‌స్పాట్ డేటాకి విడిగా పరిమితి ఉంటుంది, సిమ్ కొనేటప్పుడే అడుగు. ఫోన్ బ్యాండ్లు కూడా ఓసారి చూసుకో, నాది కలిసొచ్చి బతికిపోయాను.

కార్డుదీ ఫోన్‌దీ రెండు మోడల్ నంబర్లూ పంపు, నేను చూసి చెబుతాను. అమ్మకి నా నమస్కారాలు.

నీ
కిట్టు