హాలు అద్దె కాగితంలో ఆంపియర్లు రాయండి

సంపాదకునికి,

ఉగాది దగ్గర పడితే బెంగళూరులోని తెలుగు సంఘాలు హాళ్ల వేటలో పడతాయి. అద్దె కాగితంలో కుర్చీలెన్ని, ఏసీ ఎన్ని గంటలు, వంటగదికి విడిగా ఎంత, అన్నీ ఉంటాయి. స్టేజీ లైట్ల దగ్గరికొచ్చేసరికి 'డిమ్మర్ 12 ఛానెళ్లు' అని ఒక్క ముక్క. అంటే వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్‌లో లైట్లు తగిలించే విడి లైన్లు పన్నెండని. దాంతో లైట్లు కట్టేవాడికి ఏమీ తెలియదు.

ఎక్కువగా కనిపించేది నాలుగు ఛానెళ్ల డిమ్మర్ ప్యాక్. డబ్బా మీద ఛానెల్‌కు 10 ఆంపియర్లని ఉన్నా, దానికి కరెంటు వచ్చేది చాలాచోట్ల ఒక్క 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచే. 1000 వాట్ల పార్ లైటు (స్టేజీ మీదికి కొట్టే గుండ్రటి లైటు) 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ నిండుగా వెలిగితే 17.4. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట ఆపేసే స్విచ్చు) పడిపోతుందిలే అన్న ధీమా పనికిరాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దాకా గంటసేపైనా పడకుండా ఉండేట్టే తయారవుతుంది. ఈలోగా ప్లగ్గు పిన్నులు, వదులైన సాకెట్టు మెల్లగా మాడతాయి. వాసన వచ్చేసరికి నాటకం రెండో అంకంలో ఉంటుంది. ఆ ప్లగ్గు మీద మూడు పార్‌లే కట్టాలి.

ఇంతకన్నా ప్రమాదం న్యూట్రల్‌లో, అంటే ఫేజు తీగల్లో వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగలో ఉంది. మూడు ఫేజులకూ లోడు సమంగా పంచితే న్యూట్రల్ ఖాళీగా ఉంటుందన్న లెక్క నిండు వెలుగుకే సరిపోతుంది. వెలుగు తగ్గించడమంటే డిమ్మర్ కరెంటు ప్రతి అలలోనూ కొంత కోసేయడం. ఆ కోతవల్ల పుట్టే 150 హెర్ట్జ్ కరెంట్లు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, కూడుకుంటాయి. సగం వెలుగులో న్యూట్రల్ ఫేజు తీగ కంటే ఎక్కువ మోయాల్సి రావచ్చు. కానీ చౌక అని వేసే మూడున్నర కోర్ కేబుల్‌లో న్యూట్రల్ సుమారు సగం సైజే! అది కాలి తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీదికి 230 దాటి 400 వోల్టుల దాకా ఎగబాకవచ్చు. బల్బులతో ఆగదు, అదే బోర్డు మీదున్న సౌండ్ మిక్సరూ పోతుంది. డిమ్మర్లకు నాలుగు కోర్ల కేబుల్, నిండు సైజు న్యూట్రల్ తప్పనిసరి.

ఇప్పుడు హాళ్లన్నీ ఎల్‌ఈడీ పార్‌లకు మారుతున్నాయి, మంచిదే. వాటినీ పాత డిమ్మర్ సాకెట్లకే తగిలిస్తున్నారు, అదే తప్పు. ఎల్‌ఈడీలో కరెంటును దానికి తగ్గట్టు మార్చి ఇచ్చే సొంత డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. కోసిన కరెంటు ఇస్తే మినుకుమినుకుమంటుంది, కొన్నాళ్లకు డ్రైవర్ పోతుంది. ఫేడర్ (వెలుగు పెంచి తగ్గించే మీట) నూటికి నూరు పెట్టాం కదా అంటారు, అప్పుడూ కరెంటు డిమ్మర్‌లో అలను కోసే ట్రయాక్ గుండానే వస్తుంది. ఎల్‌ఈడీకి నేరు సాకెట్టు ఇచ్చి, వెలుగును డీఎంఎక్స్ తీగతో (లైట్లకు ఆదేశాలు మాత్రమే మోసే తీగ) నడపాలి. ఆ తీగ చేరే చివరి లైటులో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ మరవకూడదు. పొగ యంత్రానికీ డిమ్మర్ సాకెట్టు నిషిద్ధమే.

పద్యనాటకం ఆడించేవారికి ఇంకో బాధ. రాగం సాగుతుంటే లైటు మెల్లగా దించుతాం, సరిగ్గా అప్పుడే స్పీకర్లో జుయ్‌మని మోత. సగం వెలుగు దగ్గర కోత అల శిఖరం మీద పడుతుంది కాబట్టి గోల అక్కడే ఎక్కువ. ఆ గోలను అణిచే తీగచుట్ట, అంటే చోక్, చిన్నది పెట్టిన చౌక ప్యాకుల్లో ఇది మరీను. మైకు తీగల్ని డిమ్మర్ తీగల పక్కన పరవకుండా, దాటక తప్పనిచోట అడ్డంగా దాటిస్తే చాలావరకు తగ్గుతుంది.

హాళ్ల యాజమాన్యాలు అద్దె కాగితంలో ఐదు వివరాలు చేరిస్తే చాలు: స్టేజీకి ఎన్ని ఫేజులు, ఫేజుకు ఎన్ని ఆంపియర్లు, న్యూట్రల్ సైజు, ఒక్కో డిమ్మర్ మీద మొత్తం ఎన్ని వాట్లు, డిమ్మర్‌తో పనిలేని నేరు సాకెట్లెన్ని. ఇదే పట్టికను డిమ్మర్ గది తలుపు మీద కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ భాషల్లో అంటించాలి. విద్యుత్ తనిఖీకి వచ్చే అధికారులు లిఫ్టు, జనరేటర్లతోపాటు ఆ గది తలుపు కూడా తెరిపించాలని కోరుతున్నాం.

- రంగస్థల లైటింగ్ పనివారు, మల్లేశ్వరం, బెంగళూరు