పావురాల రెట్టను పొడిగా ఊడ్వవద్దు

సంపాదకులకు నమస్కారం.

నగరంలో పావురాలకు గింజలు వేయవచ్చా, కూడదా అన్న విషయంపై మీ పాఠకుల మధ్య జరుగుతున్న వాదనను శ్రద్ధగా చదువుతున్నాను. వేయాలనేవారు పుణ్యం గురించీ, వద్దనేవారు జబ్బుల గురించీ రాస్తున్నారు గానీ, ఆ జబ్బుల్లో ఒకదానికి కారణమైన శిలీంధ్రం ఎలాంటి చోట బతికి బట్టకడుతుందో ఎవరూ ప్రస్తావించలేదు. ఆ సంగతి తెలిస్తే గింజలకన్నా చీపురే పెద్ద సమస్య అని అర్థమవుతుంది.

దాని పేరు క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్. పావురాల రెట్టతో దీనికున్న సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త చెస్టర్ ఎమ్మన్స్ 1955లో వెల్లడించారు. రెట్టలోని క్రియాటినిన్ నుంచి నత్రజనిని తీసుకోగలదు కనుక ఇది అక్కడ స్థిరపడుతుంది. పావురం ఒంటి వేడి 41, 42 డిగ్రీలు ఉంటుంది కనుక పక్షికి మాత్రం సాధారణంగా జబ్బు చేయదు. తాజా రెట్టలోకంటే, ఎండ తగలని మూలల్లో పేరుకుపోయి ఎండిన పాత రెట్టలోనే ఇది ఎక్కువగా దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ల డక్టులూ, ఏసీ పెట్టెల వెనుక సందులూ సరిగ్గా అలాంటి చోట్లే.

అక్కడ దాన్ని కాపాడేది మెలనిన్ అనే నల్లటి వర్ణకం. పరిసరాల్లో దొరికే ఫినాల్ తరహా పదార్థాలను లాకేజ్ అనే ఎంజైముతో మార్చి, ఈ వర్ణకాన్ని తన కణం గోడలో నింపుకుంటుంది. ఈ తయారీ అన్నివేళలా ఒకేలా సాగదు. గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే లాకేజ్ ఉత్పత్తి అణగిపోతుంది, కరువైతే పుంజుకుంటుంది. 37 డిగ్రీల వద్దకంటే 25, 30 డిగ్రీల మధ్య రంగు చిక్కబడుతుంది. అంటే తిండి చాలని, చల్లని నీడపట్టునున్న కణమే బాగా నల్లబడుతుందన్నమాట. అలా నల్లబడిన కణం అతినీలలోహిత కిరణాలనూ, విపరీతమైన వేడినీ, గడ్డకట్టే చలినీ రంగులేని కణంకన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరాక రక్షక కణాలు చిమ్మే రసాయనాలనుంచి కాచేదీ, ఆంఫోటెరిసిన్-బి అనే శిలీంధ్రనాశక మందుకు తేలిగ్గా లొంగనివ్వనిదీ ఆ వర్ణకమే. బయట బతకడానికి అలవరచుకున్న ఏర్పాటు మన ఒంట్లోనూ దానికి అక్కరకొస్తోంది.

ప్రయోగశాలలో దీన్ని పట్టిచ్చేది కూడా ఈ రంగే. జర్మనీకి చెందిన శాస్త్రవేత్త స్టైబ్ 1962లో వలిసె గింజలతో చేసిన మాధ్యమం (సూక్ష్మజీవులను పెంచేందుకు పళ్లెంలో పోసే ఆహారం)పై దీన్ని పెంచి చూపారు. చలికాలంలో అరకు లోయకు వెళ్లినవారు కొండవాలుల నిండా చూసే పసుపు పూలు ఈ వలిసెలవే. గింజల్లో ఉండే కెఫిక్ ఆమ్లమనే ఫినాల్ తరహా పదార్థం అందగానే క్రిప్టోకాకస్ కాలనీలు (కణాల గుంపులు) గోధుమ రంగుకు తిరిగి క్రమంగా నల్లబడతాయి, అదే పళ్లెంలో కాండిడా అనే మరో శిలీంధ్రపు కాలనీలు తెల్లగానే మిగులుతాయి. మాధ్యమంలో గ్లూకోజ్ మోతాదు ఎక్కువైతే మాత్రం క్రిప్టోకాకస్ కూడా పాలిపోయి కనబడుతుంది. కొత్త విద్యార్థులు దాన్ని వేరే జాతిగా భావించి పక్కన పెట్టేసేవారు.

ఆరోగ్యవంతులు దీన్ని పీల్చినా సాధారణంగా ఏమీ కాదు కనుక బెంబేలెత్తవలసిన పని లేదు. హెచ్‌ఐవీ ముదిరినవారికీ, అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారికీ మాత్రం ఇది మెదడు పొరల వాపు తెచ్చి ప్రాణం మీదికి తేగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో దీన్ని అత్యంత కీలకమైన వర్గంలో చేర్చింది.

ఇక చీపురు సంగతి. ఆ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో డక్టు శుభ్రం చేయడానికి వచ్చిన పనివారు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, గట్టిపడిన రెట్టను తాపీతో గీకి, పొడి చీపురుతో కిందికి తోశారు. లేచిన దుమ్ము వంటగది కిటికీలగుండా ఇళ్లలోకి వచ్చింది. ఎండిన ఈ కణాలు కొన్ని మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటాయి కనుక ఊపిరితిత్తుల లోతుల దాకా పోగలవు. తువ్వాలు వాటిని ఆపలేదు. ముందుగా నీళ్లు చల్లి రెట్టను బాగా నాననిచ్చి, తడి ఆరకముందే గీకి, సంచిలో మూటగట్టాలి. ఆ పని చేసేవారికి ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు ఇవ్వాలి.

గింజలు వేయడం నిషేధిస్తే పావురాలు తగ్గుతాయేమో గానీ, డక్టుల్లో ఇప్పటికే పేరుకున్న రెట్టలోని శిలీంధ్రం దానితో చావదు. కాబట్టి నగరపాలక సంస్థ పారిశుధ్య సిబ్బందికి తడిగా శుభ్రం చేసే పద్ధతిని తప్పనిసరి చేసి, మాస్కులు తానే సమకూర్చాలనీ, అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా శుభ్రతా కాంట్రాక్టుల్లో ఈ షరతును చేర్చుకోవాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్