వార్షిక నివేదిక 2025: ఈ ఏడాది మనం ఎక్కువగా మాట్లాడుకున్నది వీలునామా గురించే

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం తరఫున వేసవిలో చలివేంద్రం నడిపాం, కంటి పరీక్షల శిబిరం పెట్టాం, కార్తీకంలో వనభోజనాలకు వెళ్లాం. జమాఖర్చుల కాగితం విడిగా ఇచ్చాం కాబట్టి వాటి జోలికి పోను. ఈసారి వివరంగా చెప్పాల్సింది వీలునామాల సంగతి.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు పొద్దున్నే, దారికి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ కోనసీమలోని మన సభ్యుల ఇళ్లకు వెళ్లాం. ఒక పెంకుటింట్లో ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. పెద్దాయన, ఆయన భార్య మంచం మీద దస్తావేజులు, పాస్‌పుస్తకం, బ్యాంకు బాండ్లు ఆరబెట్టుకుంటున్నారు. ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గ్లాసు.

"ఇందులో వీలునామా ఏదీ బాబాయ్?" అని అడిగాను.

"అదెందుకురా! కొడుకులిద్దరూ రామలక్ష్మణుల్లా ఉంటారు" అన్నారు. ఆయనకు కూతురు కూడా ఉంది. పిన్ని గ్లాసులు సర్దుతూ, "పిల్లకేమిటో అది కూడా చెప్పండి" అంది.

మా నాన్నగారూ ఇలాగే అనేవారు. ఆయన పోయాక కొబ్బరితోట పంపకం తేలలేదు. దింపు రోజున కాయల లెక్క దగ్గర మొదలైన మాట పెరిగి పెరిగి, నాన్నగారి సంవత్సరీకం అన్నదమ్ములం వేర్వేరు ఇళ్లలో పెట్టుకునేదాకా వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పని నెత్తిన వేసుకున్నాను.

నవంబరులో ఒక న్యాయవాదిని పిలిచి రెండు ఆదివారాలు కూర్చున్నాం. చాలామంది టెన్షన్ పడింది ఖర్చు గురించి. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి వచ్చేవాళ్లనే సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. మీకన్నా వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి, రేపు అవసరమైతే కోర్టులో చెప్పాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ట్రంకుపెట్టె తడిసినా ఆఫీసులో నకలు ఉంటుంది కాబట్టి చేయించుకోమనే నా మాట. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది.

మన స్వార్జితమైతే ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో మాత్రం మన వాటా వరకే. అందులో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెబుతోంది. ఈ మాట దగ్గర కొందరు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. చట్టం మాత్రం అదే. ముస్లిం సభ్యులకు నియమాలు వేరు, మామూలుగా మూడో వంతుకు మించి రాయాలంటే వారసుల ఒప్పుదల కావాలి.

నామినీ విషయంలో దాదాపు అందరం పొరబడ్డాం. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా ఉన్నవారు డబ్బు తీసుకోగలరు గానీ, అంతమాత్రాన అది వాళ్ల సొంతం కాదు. వారసులకు చేర్చాల్సిందే. నవంబరు 1 నుంచి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయినా వీలునామా పని వీలునామాదే.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మన సభ్యురాలు ఒకావిడ సంగతి. నలభై ఏళ్లు మిషన్ కుట్టి, ఆ డబ్బుతో మూడు సెంట్లు కొని ఇల్లు కట్టుకుంది. భర్త లేరు, పిల్లల్లేరు, తల్లిలా చూసుకునేది చెల్లెలి కూతురు. "నా తర్వాత ఇల్లు దానిదే కదా" అంది. కాదట. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె కష్టార్జితం ముందు భర్త వారసులకు వెళ్తుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిందైతే తండ్రి వారసులకు.

"ఇన్నేళ్లుగా నా గుమ్మం తొక్కని మరిదికా నా ఇల్లు?" అని ఆవిడ అడిగితే కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

డిసెంబరులో ఆవిడను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లాం. సూదిపోట్లతో గరుకెక్కిన వేలి గీతలు మిషన్‌కు అందక మూడుసార్లు ముద్ర పెట్టించారు. బయటికొచ్చి రసీదును కొంగున ముడేసుకుంది. కదల్లేని స్థితిలో ఉన్నవాళ్లు అర్జీ పెట్టుకుంటే అధికారే ఇంటికొచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. అలాంటి సభ్యులుంటే నాకు చెప్పండి.

ఇంకొక్కటి. వీలునామా మన తర్వాతే అమల్లోకి వస్తుంది. గిఫ్ట్ డీడ్ అలా కాదు, మనం బతికుండగానే ఆస్తి చేతులు మారుతుంది. పిల్లలు చూసుకుంటారన్న నమ్మకంతో రాసిచ్చేటట్టయితే, ఆ షరతు పత్రంలోనే స్పష్టంగా రాయించుకోండి. అలా రాసి ఉంటే, వాళ్లు చూడనప్పుడు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద రద్దు కోరవచ్చు.

బాబాయ్ కాగితం ఇంకా పూర్తికాలేదు, కూతురి వాటా దగ్గర ఆగింది. సంక్రాంతికి పిల్లలు ముగ్గురూ వస్తున్నారు, వాళ్ల ఎదుటే రాస్తానన్నారు. సాక్షులుగా మన సంఘం నుంచి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి