రింగులో ఉండిపోయిన గుడ్డ

చిరంజీవి బాబుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరమూ క్షేమంగా ఉన్నాము. అక్కడ నీవూ క్షేమమని తలుస్తున్నాము; "తలుస్తున్నాము" అని వ్రాయవలసి రావడానికి కారణం నీకు తెలియనిది కాదు. ఏడు వారాలుగా నీవు ఫోను తీసి "బాగానే ఉన్నాను, తరువాత చేస్తాను" అని పెట్టేస్తున్నావు. ఆ రెండు ముక్కలను మీ అమ్మ క్షేమ సమాచారం కింద లెక్క కట్టడం లేదు. అయినా ఈ ఉత్తరం అందుకోసం వ్రాయడం లేదు. బీరువా పై అర సర్దుతూ ఉంటే నీ కుట్టు సామాను బయటపడింది, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పోయిన సెలవులకు వచ్చినప్పుడు నీవు మొదలుపెట్టిన తెల్లని నూలు గుడ్డ ఇంకా రింగులో బిగించే ఉంది. కాడ పూర్తయింది, ఒక ఆకు పూర్తయింది, రెండవ ఆకు ఈనె దాకా వచ్చి ఆగిపోయింది. సూదిని గుడ్డకే గుచ్చి వెళ్ళిపోయావు. రింగును నెలల తరబడి బిగించి ఉంచితే గుడ్డ మీద గుండ్రని గాడి పడి ఇస్త్రీకి కూడా లొంగదని, పని ఆపిన ప్రతిసారీ మర వదులు చేయాలని నాకు చెప్పినవాడివి నీవే. సూది పైపూత అరిగి తుప్పు మొదలైంది. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే గుచ్చిన చోట గోధుమ రంగు మరక దిగేది. నీవు ఎన్నడూ ఇలా వదిలేసేవాడివి కావు. పరీక్షల రోజుల్లో కూడా, నిద్ర ముంచుకొస్తున్నా సరే, మర వదులు చేసి, సూదిని ఆ ఎర్ర ఉన్ని దిండుకు గుచ్చి, గుడ్డను పాత గలీబులో చుట్టి పెట్టిన తరువాతనే పడుకునేవాడివి.

చిన్నత్త మొన్న వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు, చెప్పులు వేసుకుంటూ, వారాంతపు చేతిపనుల సంతలో నీ బల్ల మూడు వారాలుగా ఖాళీగా ఉంటోందని, నీ పక్కన బుట్టలు పెట్టుకునే ఆవిడతో "దారాలు ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నావని చెప్పింది. చిన్నత్త మాటను ఎంతవరకు పట్టించుకోవాలో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. బుజ్జి పెళ్ళి విషయంలో ఏం జరిగిందో నీవు మరచిపోయి ఉండవు. అందుచేత నేను నమ్మాననీ అనను, నమ్మలేదనీ అనను. ఒకవేళ ఇవ్వదలచుకుంటే మాత్రం నంబరు కాగితాలు చింపకుండా ఇవ్వు. డి.ఎం.సి. కంపెనీ దారాల్లో 310 అంటే నలుపని దారం పట్టినవారందరికీ గుర్తుంటుంది కాని, ఆకుపచ్చల్లో ఒక ఛాయకూ పక్క ఛాయకూ ఉన్న తేడాను నంబరు లేకుండా రాత్రి దీపం కింద పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

కళ్ళు నొప్పి చేసి మానేశావేమోనని కూడా అనుకున్నాను. అదే అయితే మానవలసిన పని లేదు, కూర్చునే పద్ధతి మార్చుకుంటే సరిపోతుంది. నీది ఎడమచేతి వాటం కనుక దీపం నీకు కుడి పక్కన ఉండాలి. ఎడమ పక్కన ఉంటే నీ చేతి నీడే కుట్టు మీద పడుతుంది. 20 నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలో ఉన్న దేనినైనా 20 సెకన్ల పాటు చూడాలని కంటి వైద్యులు చెబుతారు. దారం 18 అంగుళాలకు మించి తుంచుకోకు. పొడుగు దారమైతే మాటిమాటికీ ఎక్కించుకోనక్కరలేదన్న ఆశే కాని, గుడ్డలోంచి దూరిన ప్రతిసారీ అది ఒరుసుకుని నూగు లేస్తుంది, మెలిపడి ముళ్ళు వేసుకుంటుంది. మెలిపడినప్పుడు సూదిని కిందికి వేలాడనిస్తే అదే గిరగిరా తిరిగి విప్పుకుంటుంది. ఆరు పోగుల దారంలో రెండు కావలసినప్పుడు రెండూ కలిపి లాగకు, ఒక్కొక్క పోగునే పైకి తీసి మళ్ళీ జత చేసుకో. ఇవన్నీ నీకు తెలియవని కాదు. మీ అమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోయి, ఎడమచేతికి అంతా తారుమారై వారం రోజులు ఇద్దరూ విసిగిపోయిన తరువాత, ఎదురుగా కూర్చోమన్న ఉపాయం నానమ్మ చెప్పింది. ఎదురుగా బాసిపట్లు వేసుకుని, అద్దంలో బొమ్మ లాగా అమ్మ కుడిచేతి పనిని నీ ఎడమచేతితో అనుకరిస్తూ, ఒక్క మధ్యాహ్నంలో కాడ కుట్టు పట్టేశావు. అంత కష్టపడి వచ్చిన విద్యను ఎవరికైనా ఇచ్చేయడమంటే ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

సంతలో ఎవరైనా ఏమైనా అన్నారా? బల్ల ముందు నిలబడి "మిషను మీదయితే ఇది పది నిమిషాల పని" అనేవారు ఎక్కడైనా ఉంటారు. వారికి లెక్క తెలియదు. అంగుళానికి 14 గళ్ళుండే గుడ్డ మీద, 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు గల బొమ్మను నిండుగా క్రాస్ స్టిచ్‌తో, అంటే గడికి ఒక ఇంటూ గుర్తు కుట్టు చొప్పున, కుడితే అడ్డంగా 70, నిలువుగా 98, వెరసి 6,860 కుట్లు. గంటకు 120 కుట్లు పడతాయనుకున్నా 57 గంటలు దాటుతుంది. తప్పు పోయి విప్పిన గంటలు అందులో లేవు. నీ పిట్టల జత బొమ్మకు నేను కాగితం పెన్సిలు పట్టుకుని ఈ లెక్క వేశాను. అటువంటివారితో వాదించకు, గుడ్డను తిప్పి వెనుక వైపు చూపించు. ముడులు లేకుండా, దారపు కొసలను కుట్ల కిందుగా పోనిచ్చి దాచిన నీ వెనుక వైపు చూచిన తరువాత తెలిసినవారు మాట్లాడరు, తెలియనివారితో నీకు పని లేదు. ఒకవేళ పెద్దమావయ్య ధోరణిలో "మగపిల్లవాడికి సూదీ దారమూ ఏమిటి" అని ఎవరైనా అన్నారేమో. మొదటి ప్రపంచ యుద్ధం నడిచిన 1914 నుండి 1918 వరకు, ఆ తరువాత కూడా, గాయపడి మంచం పట్టిన సైనికుల చేతికి సూది ఇచ్చి ఎంబ్రాయిడరీ నేర్పించారు. వణికే చేతులు ఆ పనితో కుదుటపడ్డాయి. పెద్దమావయ్య ఆ మాట అన్న రోజున ఇది నాకు తెలియదు, తెలియకపోయినా నేను నోరు తెరిచి ఉండవలసింది. నీవు నా ముఖం వంక చూశావు, నేను పేపరు వంక చూశాను.

మీ అమ్మ కుట్టిన ఎర్ర మందారాల గలీబుల కథ నీకు సగమే తెలుసు. అప్పటికి నీవు పుట్టలేదు. రోజూ రాత్రి పనంతా ముగించుకుని కూర్చుని, నాలుగు నెలల్లో రెండు గలీబులకు అంచు పొడుగునా మందారాలు కుట్టింది. రేకులకు సాటిన్ కుట్టు, కాడలకు కాడ కుట్టు, పుప్పొడి చుక్కలకు ముడి కుట్లు. పూర్తయిన మరునాడే పుట్టింటికి వెళ్ళవలసి వచ్చింది. గుడ్డ మీద పెన్సిలు గీతలూ, చేతి మాపూ కనబడుతున్నాయి కదా, ఆమె తిరిగి వచ్చేసరికి ఉతికి, ఇస్త్రీ చేసి, దిండ్లకు తొడిగి ఉంచుదామని నాకు తోచింది. మురికి బాగా పోతుందని వేడి నీళ్ళలో సబ్బు కలిపి నానబెట్టాను. కాసేపటికి వచ్చి చూస్తే నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి, పైకి తీస్తే ప్రతి మందారం చుట్టూ తెల్ల గుడ్డ మీదికి ఎరుపు పాకి ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గబగబా పిండి ఎండలో వేయబోతుంటే నానమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. "ఆరిందంటే ఇక వదలదు, ఇస్త్రీ తగిలిందంటే అసలే వదలదు, తడిగానే ఉంచు" అని, బకెట్టు నిండా చన్నీళ్ళు పట్టించి అందులో వేయించింది. నీళ్ళు రంగు తేలగానే పారబోసి మళ్ళీ పట్టాలి, గుడ్డను మడతల మీద వదలకూడదు, విప్పార్చి ముంచాలి. ఆ రాత్రి నేను పడుకోలేదు. 14 సార్లు నీళ్ళు మార్చాను. తెల్లవారుతుండగా నీళ్ళు తేటగా వచ్చాయి. మధ్యాహ్నం మీ అమ్మ వచ్చి, బకెట్టులోంచి గలీబు తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూచి, "ఏ నీళ్ళు పోశారు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. ఇంకొకసారి తానే నీళ్ళు మార్చి, రెండు తువ్వాళ్ళ మధ్య పరచి అద్ది, నీడన ఆరవేసింది. ఒక్క పువ్వు కింద మాత్రం లేత గులాబి ఛాయ ఉండిపోయింది, దాని మీదే నేను పదకొండేళ్ళు తల పెట్టుకుని పడుకున్నాను. అప్పటి నుండి ఆమె ఏ ఎర్ర దారం తెచ్చినా, జానెడు ముక్క తడిపి తెల్ల గుడ్డ మీద అదిమి చూడకుండా సూదికి ఎక్కించలేదు. నీకు తెలియని సగం ఏమిటంటే, "తొందరపడి పాడు చేశాను" అన్న మాట ఆమెతో అనడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నీతో అనడానికి ఏడు వారాలు పట్టింది. నీవు సంతలో బల్ల తీసుకున్న కొత్తలో, ఆదివారం సాయంత్రం ఫోను చేస్తే నీ మాటలకు అంతు ఉండేది కాదు. ఎవరో పెద్దావిడ నీ గొలుసు కుట్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టిన వైనం, కొయ్య బొమ్మలు చెక్కే ఆయన నీ సూదుల డబ్బాకు మూత చేసి ఇచ్చిన వైనం చెప్పేవాడివి. ఒకసారి అరగంట సేపు బాయూ వస్త్రం గురించి చెప్పావు: 11వ శతాబ్దంలో నార గుడ్డ మీద ఉన్ని దారాలతో 1066 నాటి ఇంగ్లండు యుద్ధమంతా కుట్టారని, దాదాపు 70 మీటర్ల పొడవని, ఇంగ్లీషు పేరులో టాపెస్ట్రీ, అంటే నేత, అని ఉన్నా అది సూది పనేనని, అందులో కాడ కుట్టు నీది లాంటిదేనని. నేను అంతా విని, "ఈ వారం ఎన్ని పోయాయి?" అని అడిగాను. తరువాతి వారం మొదటి మాటే అది అడిగాను. ఆ పైన ప్రతి వారమూ అడిగి, నీవు చెప్పిన అంకెను పాల లెక్కల పుస్తకం వెనుక అట్ట మీద వ్రాసుకున్నాను. నీ కష్టానికి విలువ కట్టేవారు దొరికారన్న సంతోషంతో చేశానే కాని మరొకందుకు కాదు. కాని అమ్మ నిన్న ఆ అట్ట చూచి, "మీరు వాడిని లెక్క అడిగారు, వాడు లెక్క అప్పగించాడు, ఇంక చెప్పడానికి వాడి దగ్గర ఏం మిగిలింది?" అంది. రాత్రంతా ఆ మాటే తిరిగింది. ఏం కుడుతున్నావని నేను నిన్ను ఎన్ని నెలలుగా అడగలేదో లెక్క వేస్తే నాకే భయం వేసింది.

బల్ల పెట్టాలని ఎవరూ అనలేదు. సంతకు పూర్వం లాగా చూడటానికే వెళ్ళు. జనం రాకముందు, మొదటి గంటలోనే వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి, రెండవ చుట్టులో మాత్రమే ఆగేవాడివి. కుట్టినవారిని అడగకుండా ఫోటో తీయకు; నమూనా ఎత్తుకుపోతారన్న భయం వారికి ఉంటుంది, ఆ భయం నీకూ తెలుసు. ముట్టుకునే ముందు చేతులు తుడుచుకో. ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చెయ్యి. ఎప్పుడైనా మళ్ళీ బల్ల పెట్టాలనిపిస్తే, కుట్టిన గుడ్డలను నేరుగా ఎండ తగిలే పక్కన వేలాడదీయకు, రంగులు వెలిసిపోతాయి. కూర్చుని కుడుతూ ఉండు, కదిలే సూది దగ్గర మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఆగుతారు. పెట్టాలనిపించకపోతే మానెయ్యి. పాల పుస్తకం అట్ట చింపేశాను.

నీ గుడ్డను రింగు నుండి తీసి, మడత పెట్టకుండా అట్ట గొట్టానికి చుట్టి ఉంచాను. తుప్పు సూదిని పారేశాను. మీ అమ్మ 8వ నంబరు సూదులు కొత్తవి తెప్పించింది, నీవు 9 వాడతావని నేనంటే, నూలు గుడ్డకు 8 చాలునంటోంది, నీవే చెప్పాలి. రెండవ ఆకు దగ్గర ఇంకా ఎనిమిది అంగుళాల దారం మిగిలి ఉంది. దాన్ని కత్తిరించలేదు, ముడి వేయలేదు, వెనుక వైపుకు వదులుగా వదిలాను. పార్సిలు కట్టి పంపమంటావా, వచ్చినప్పుడు తీసుకుంటావా అన్నది ఆదివారం ఫోను చేసి చెప్పు. నేను ఏమీ అడగను, అమ్మ ఎత్తుతుంది.

ఆశీస్సులతో,
నాన్న