గుండు సీన్‌లో గుండే లేదు

కస్టమర్ కేర్ వారికి,

విషయం: పాత సమురాయ్ సినిమాల ప్యాక్‌లో కోసేసిన బొమ్మ, తప్పుల సబ్‌టైటిల్స్

తెలుగు సబ్‌టైటిల్స్‌తో జపాన్ క్లాసిక్స్ అని మీ యాప్‌లో కనపడగానే వెనకా ముందూ చూడకుండా 499 కట్టేశాను. రెండు సినిమాలు చూశాక ఇది రాస్తున్నాను.

మొదట 'సెవెన్ సమురాయ్'. 1954 నాటి కురొసావా సినిమా, 207 నిమిషాలు. అప్పటి ఫ్రేమ్ దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీలో రెండు పక్కలా నల్లగా ఖాళీ వస్తుంది, వస్తే రానివ్వండి. మీవాళ్లు ఆ ఖాళీ కనపడకూడదని బొమ్మను పెద్దది చేసి పైనా కిందా కోసేశారు. పసివాణ్ణి పట్టుకుని పాకలో దాక్కున్న దొంగ దగ్గరికి సన్యాసి వేషంలో వెళ్దామని సమురాయ్‌ల పెద్ద కాంబే ఏటి పక్కన కూర్చుని గుండు గీయించుకుంటాడు కదా, సమురాయ్‌కి, అంటే ఆనాటి జపాన్ యోధుడికి, జుట్టుముడి అంటే పరువు, అందుకే చుట్టూ జనం నోరెళ్లబెట్టి చూస్తుంటారు. మీ ప్రింట్‌లో ఆయన కనుబొమల పైన ఇంకేమీ లేదు. గుండు సీన్‌లో గుండే లేదండీ!

ఇక రైతులు కవచాలు దాచారని తెలిసి మిగతా సమురాయ్‌లు మండిపడితే, రైతుల్ని ఇలా తయారుచేసింది మీ సమురాయ్‌లు కాదా అని వాళ్లలోనే ఒకడైన కికుచియో విరుచుకుపడే ఘట్టం ఉంది, సినిమాకి ప్రాణం అదే. సరిగ్గా అక్కడే సబ్‌టైటిల్స్ మాయం.

రెండోది 'త్రీ అవుట్‌లా సమురాయ్', 1964, దర్శకుడు హిదేవో గోషా మొదటి సినిమా. శిస్తు కట్టలేక చస్తున్నాం, మా గోడు వినండి అంటే దైకాన్, అంటే ప్రభువు తరఫున అక్కడ పెత్తనం చేసే అధికారి, పట్టించుకోడు, దాంతో రైతులు వాడి కూతుర్ని ఎత్తుకొచ్చి మరపాకలో బంధిస్తారు. మీ సబ్‌టైటిల్స్‌లో ఆ మరపాక 'ఫ్యాక్టరీ' అయింది. రైతుల్ని వదిలేస్తానని దైకాన్ అంటే వాళ్ల బదులు షిబా అనే సమురాయ్ వంద కొరడా దెబ్బలకు ఒప్పుకుంటాడు, అక్కడ ఏం వేశారో తెలుసా? 'వంద కనురెప్పలు తీసుకుంటాను.' ఇంగ్లీష్‌లో 'లాషెస్' అంటే కొరడా దెబ్బలూ అవుతుంది, కనురెప్పల వెంట్రుకలూ అవుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌ని మెషిన్‌లో వేసి తీశారని ఇంతకన్నా సాక్ష్యం కావాలా? చివర్లో ప్రభువు పరివారంతో వస్తుంటే రైతులు అర్జీ ఇచ్చే ధైర్యం చాలక వంగిపోయి ఉండిపోతారు, కింద మాత్రం, ఇంగ్లీష్ 'లార్డ్' కాస్తా దేవుడైపోయి, 'దేవుడు వస్తున్నాడు' అని. ఏదో భక్తి సినిమా అనుకుని మా ఆవిడ వచ్చి కూర్చుంది.

శిస్తు, అర్జీ, కొరడా, దొర, ఇవన్నీ మన మాటలే కదా. దొర ముందు తలెత్తలేని రైతు సంగతి తెలంగాణలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగు వచ్చిన మనిషి ఒక్కరు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. ముందు సినిమాలో కూతురి జుట్టు కత్తిరించే మాంజో, ఇందులో రైతుల్ని నడిపించే జింబే, ఇద్దరూ ఒకే నటుడు, కమతరి ఫుజివారా. ఆ ముఖాన్ని రెండు సినిమాల్లో వరసగా చూద్దామనే ఈ ప్యాక్ కొన్నాను, ఆ ముఖమూ సగమే మిగిలింది.

చాట్‌లో అడిగితే మీ అబ్బాయి 'ఇంటర్నెట్ స్పీడ్ చెక్ చేసుకోండి సర్' అన్నాడు. తర్వాత రెండుసార్లు టికెట్ పెట్టాను, రెండూ ఎవరూ చదవకుండానే 'పరిష్కరించబడింది' అని మూసేశారు. ఏం పరిష్కరించారో నాకైతే అంతుబట్టలేదు.

అసలు ఫ్రేమ్‌తో, మనిషి రాసిన సబ్‌టైటిల్స్‌తో మళ్లీ పెట్టండి, లేదంటే నా 499 వెనక్కి పంపండి. నిమిషం, సెకను వేసి 14 స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను. కనురెప్పలది మొదటిది.