మాండరిన్ చేపను ఎవరికి పడితే వారికి అమ్మకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మాండరిన్ చేప అమ్మకాలకు ఒక పద్ధతి ఉండాలి.

ఆరేడు సెంటీమీటర్ల చేప. నీలం ఒంటి మీద నారింజ రంగు చారలు. చాలా జీవుల్లో నీలం వెలుగు చేసే మాయ మాత్రమే. దీని చర్మంలో మాత్రం నిజంగానే నీలి రంగు పదార్థం ఉంది. ఆ అందం చూసే కొంటున్నారు, దాని బతుకు తీరు తెలియక చంపుకుంటున్నారు.

జపాన్ దక్షిణ దీవుల నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా ఆస్ట్రేలియా దాకా, అలల తాకిడి లేని పగడపు దిబ్బల్లో ఉంటుంది. కొమ్మల సందుల్లో నక్కి తిరుగుతూ, కంటికి సరిగా ఆనని రొయ్యజాతి జీవుల్ని రోజంతా ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. పొద్దు గూకాక జోడీ బయటికొస్తుంది. మగచేప కింది రెక్క మీద ఆడది ఆనుకుంటుంది, రెండూ నెమ్మదిగా మీటరు దాకా పైకి లేచి గుడ్లు, వీర్యం వదిలి చటుక్కున సందుల్లోకి పోతాయి. పొలుసులు లేవు. ఒంటి మీది చేదు జిగురే దానికి రక్షణ.

మొన్న ఒక దుకాణంలో చూశాను. గుళికల మేత ముక్కు ముందే జారిపోతున్నా ముట్టలేదు, ఉత్త అద్దాన్నే పొడుస్తోంది. డొక్క ఎండిపోయింది, వీపు కండ కరిగి ముల్లు తేలింది. "నాలుగు రోజుల్లో అలవాటైపోతుందండీ" అన్నారు యజమాని. అనుభవం ఉన్నవాళ్లు ఓపిగ్గా అలవాటు చేస్తారు, నిజమే. కొత్తగా పెట్టిన తొట్టెలో అయితే ఆ చిన్న జీవులు ఇంకా పెరిగి ఉండవు, దానికి తిండే ఉండదు, వారాల తరబడి మాడి చస్తుంది. జబ్బు చేసిందనుకుని ఇంకొకటి కొంటారు. అక్కడ దిబ్బల్లో ఇంకొకటి పడతారు. అందులోనూ వీపున పొడవాటి రెక్క ఉన్న పెద్ద మగచేపలకే గిరాకీ. జోడీకి ఆడచేపలు ఎంచుకునేదీ వాటినే!

తొట్టెల్లో పుట్టి, మేతకు అలవాటుపడిన మాండరిన్లు విదేశాల్లో దొరుకుతున్నాయి. మన వ్యాపారులు వాటినే తెప్పించాలి. చేప తింటోందని కొనేవారి కళ్లెదుటే చూపించాలి. తొట్టె పెట్టి ఎన్ని నెలలైందో అడగాలి, నిన్నగాక మొన్న పెట్టిందైతే అమ్మకూడదు. ఈ మాత్రం నిబంధనలు పెట్టడం ప్రభుత్వానికి కష్టం కాదు. దీనిపై మత్స్యశాఖ అధికారుల వివరణ తీసుకుని మీ పత్రికలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్