గుర్రపుడెక్క ఉన్నచోట నూనె ఉండలు దండగ

సంపాదకులకు,

వానలు పడ్డాయో లేదో, సింగ్‌నగర్‌లో మా ఇళ్ల పక్క బుడమేరులోకి, దోమలు పెరగకుండా అని, నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు విసరడం మొదలైంది. నీళ్లు కనబడకుండా గుర్రపుడెక్క అల్లుకున్న చోట కూడా విసిరి వెళ్తున్నారు.

నూనె పనిచేయదని కాదు. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. బొద్దింకకు ఒంటి పక్కల పది జతల శ్వాసరంధ్రాలుంటాయని మా పిల్లలు నిద్రలో లేపినా చెప్పేవారు. నేల మీద తిరిగే పురుగుకు ఆ ఏర్పాటు సరిపోతుంది. నీళ్లలో పెరిగే దోమ లార్వాకు మాత్రం తోక దగ్గరి ఒక్క జతే ఆధారం. మురుగులో పెరిగే క్యూలెక్స్‌కు ఆ జత ఒక గొట్టం చివర ఉంటుంది. గొట్టం నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. మలేరియా అనాఫిలిస్‌కు గొట్టం లేదు, నీటి పైపొర కిందే అడ్డంగా పడుకుంటుంది. పైన నూనె తెర కడితే రెండూ ఊపిరాడక చస్తాయి.

మాన్సోనియా సంగతి వేరు. కేరళలో చేర్తల వైపు బోదకాలు వ్యాపింపజేసింది ఈ దోమే. దీని లార్వా గొట్టం పొట్టిగా, మొనదేలి, రంపంలా పళ్లతో ఉంటుంది. దాన్ని గుర్రపుడెక్క వేరులోనో అంతరతామర వేరులోనో గుచ్చి, మొక్క లోపలి గాలి పీల్చుకుంటుంది. లార్వా తర్వాతి దశ ప్యూపా అయినా అంతే. గాలి కోసం పైకి రానిదాన్ని పైన తేలే నూనె ఏం చేస్తుంది?

చూడాలంటే ఒక మొక్కను వేళ్లతో సహా లాగి తెల్లటి టబ్బు నీళ్లలో జాడించండి. మట్టి తేరుకున్నాక, ఉంటే గింటే, పట్టు వదిలిన లార్వాలు అడుగున కనబడతాయి. మా వెనక తీసిన మొక్కల్లో నాకు కనబడ్డాయి.

పైగా ఈ నూనెకు మనకు పనికొచ్చే పురుగులూ పోతాయి. దోమ లార్వాలను తినే నీటి తేళ్లు, వెల్లకిలా ఈదే పురుగులు గాలికి పైకి రావాల్సిందే. తూనీగ పిల్ల ఒకటి కొంత నయం, దాని మొప్పలు పురీషనాళంలో, అంటే పేగు చివర, ఉంటాయి (ఈ పాఠం రోజు క్లాసంతా నవ్వులే). పొగ మందు గురించి చెప్పేదేముంది, ఎగిరే దోమకే అది.

నూనె ఉండలు మొక్కల్లేని మురుగు గుంటలకు, ఖాళీ స్థలాల్లో నిలిచిన నీళ్లకు వాడండి. బుడమేరులో గుర్రపుడెక్కను వేళ్లతో సహా పూర్తిగా తీయించండి. సగం తీసి వదిలేస్తే ఊడిన లార్వాలు మిగిలిన వేళ్లను పట్టుకుంటాయి. తీసింది గట్టున కుప్ప పోయకుండా అదే రోజు లారీకెత్తించాలి, లేకపోతే మళ్లీ వానకు అదే నీళ్లలోకి జారుతుంది.

– విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు, సింగ్‌నగర్, విజయవాడ